పరుల గుఱ్ఱము, మన పచ్చిక

నిజామాబాదు జిల్లాలో ఇందల్వాయి యను గ్రామము కలదు. హైదరాబాదునుండి నాగపురము పోవు పెద్దబాట దాని ప్రక్కగానే సాగును. బాటకు ఇరుదెసల గుట్టలు, టేకు చెట్ల అడవి, నడుమ నడుమ బీళ్ళు కన్పట్టును. సికిందరాబాదు–మన్మాడు రైలు మార్గమున ఈ పేరుతో ఒక స్టేషను కూడ కలదు. 2016లో ఈ గ్రామము మండల కేంద్రమైనది. నేడు ఆ బాటపై లారీల హోరు తప్ప మఱేమియు వినరాదు. ఇది ఒకనాటి గుఱ్ఱపు రౌతుల త్రోవ యని చెప్పిన పిల్లలు నవ్వుదురేమో! కాని 1666–67 సంవత్సరములలో మన దేశమున సంచరించిన తెవెనో యను ఫ్రెంచి యాత్రికుడు ఔరంగాబాదునుండి గోలకొండకు ఈ మార్గముననే పోయెను. ఇందల్వాయిలో కత్తులు, బాకులు, ఈటెలు విరివిగా తయారగుచున్నవనియు, వానికి వలయు ఇనుము చెంతనున్న కొండ గనినుండి లభించుచున్నదనియు ఆయన వ్రాసియుంచెను.

ఇనుము దొరకెడి ఊరు, అడవి గడ్డి, బాటసారుల రాకపోకలు, ఈ మూడును కలిసిన చోట గుఱ్ఱమునకు విడిది యేర్పడుట సహజము. యంత్రములు వచ్చిన పిదప గుఱ్ఱము బాటను విడిచినది. అయినను లోకమును విడువలేదు. హైదరాబాదు మలక్‌పేటలో నేటికిని గుఱ్ఱపు పందెములు జరుగుచున్నవి. ఆ నగరముననే యున్న జాతీయ పోలీసు అకాడమీలో శిక్షణ పొందు అధికారులు నేటికిని స్వారి నేర్చుకొందురు. పెండ్లి ఊరేగింపులకై గుఱ్ఱములను పోషించువారు ప్రతి పట్టణమునను కలరు. స్వారి యందలి మక్కువతో ఒకటి రెండు గుఱ్ఱములను కొనువారును ఇటీవల పెరుగుచున్నారు. వీరందఱికిని గుఱ్ఱము కలదు, గడ్డి లేదు. పట్టణపు సందులో కట్టుగొయ్యకు కట్టివేయబడిన గుఱ్ఱము దాణా తినుచుండవచ్చును గాని, గుఱ్ఱమువలె జీవించుట లేదు.

అందుచేత ఒకరి గుఱ్ఱమును మఱియొకరు తమ పచ్చికలో మేపుట యను వృత్తి పుట్టినది. అమెరికా పడమటి సీమలలో ‘రాంచ్’ అని పిలువబడు విశాలమైన పశుక్షేత్రములు కలవు. పట్టణవాసులు నెలకింత యని చెల్లించి తమ గుఱ్ఱములను అచ్చట విడిచిపెట్టుదురు. సెలవు దినములలో వచ్చి, కొండదారుల వెంట స్వారి చేసి పోవుదురు. ఇంగ్లండు దక్షిణమున న్యూఫారెస్టు అను ప్రాచీనమైన అడవి కలదు. అందు పొట్టి గుఱ్ఱములు స్వేచ్ఛగా మేయుచుండును. ఒక్కొక్క గుఱ్ఱమునకును యజమాని వేఱు; మేత మాత్రము ఉమ్మడి. వానిని కనిపెట్టుటకు ‘అజిస్టర్లు’ అను ఉద్యోగులున్నారు. మేతరుసుము చెల్లినదనుటకు గుర్తుగా వారు గుఱ్ఱము తోకవెండ్రుకలను ఒక తీరున కత్తిరింతురు. చదువరాని వాడును ఆ రసీదును దూరమునుండియే చదువగలడు!

ఇది మనకు క్రొత్త యని తలపరాదు. పరుల గుఱ్ఱములను కాచినవారు మన పురాణకథలలోనే కలరు. నలమహారాజు రాజ్యము కోల్పోయి, బాహుకుడను పేర ఋతుపర్ణుని అశ్వశాలను చూచెను. పాండవుల అజ్ఞాతవాసమున నకులుడు విరటుని గుఱ్ఱములకు కాపరియయ్యెను. తిక్కన భారతమున అతని మాఱుపేరు దామగ్రంథి. ఇరువురును రాజులే, ఇరువురును ఆ పనిని చిన్నతనముగా నెంచలేదు. కాకతీయుల కాలమున అశ్వదళమును చూచు అధికారికి ‘సాహిణి’ యని బిరుదు. గణపతిదేవుని కొలువున గంగయసాహిణి పేరు ప్రసిద్ధము. తెనుగున మనుమంచి భట్టు అను కవి ‘హయలక్షణవిలాసము’ అను అశ్వశాస్త్ర గ్రంథమును రచించెను. గుఱ్ఱమును పోషించుట మన పెద్దల దృష్టిలో ఒక విద్య.

ఆ విద్య లేనిచో ఏమగునో వెనిసు యాత్రికుడైన మార్కో పోలో పదుమూడవ శతాబ్దము చివర వ్రాసెను. తమిళదేశపు తూర్పు తీరమునందలి రాజులు అరబ్బు దేశములనుండి ఏటేటను వేలకొలది గుఱ్ఱములను మిక్కుటమైన వెలకు కొనుచుండిరి. ఒక్కొక్క రాజు రెండువేలకు పైగా కొనినను, సంవత్సరము తిరుగునప్పటికి నూఱైనను మిగులవని ఆయన చెప్పెను. గుఱ్ఱములను పోషించు తీరు తెలియకపోవుటయు, వైద్యము నెఱిగినవారు లేకపోవుటయు దానికి కారణములని ఆయన వివరించెను. ధనముతో గుఱ్ఱమును కొనవచ్చును. గుఱ్ఱమును బ్రతికించు నేర్పును ధనముతో కొనరాదు.

ఇక ఆ నేర్పు ఎట్టిదో చూతము. గుఱ్ఱము ఆవువంటిది కాదు. ఆవు గబగబ మేసి, పిదప తీరికగా నెమరువేయును. గుఱ్ఱమునకు నెమరు లేదు. దాని జీర్ణకోశము శరీరముతో పోల్చిన మిక్కిలి చిన్నది. పది పదిహేను లీటర్లకంటె పట్టదు. కావున ప్రకృతి దానికి కొంచెము కొంచెముగా, దినమునకు పదునాలుగు పదునాఱు గంటలు మేయు స్వభావమును ప్రసాదించినది. నాలుగువందల కిలోల గుఱ్ఱమునకు దినమునకు ఎనిమిది కిలోల ఎండుగడ్డి వంటి మేత వలయును. త్రాగునీరు ఇరువదియైదు మొదలు నలువది లీటర్ల వఱకు కావలెను. వేసవిలో ఇంకను హెచ్చు. ఉదయము ఒక తట్టెడు, సాయంకాలము ఒక తట్టెడు ఉలవ గుగ్గిళ్ళు పెట్టి, నడుమ ఊరక కట్టివేసిన గుఱ్ఱము కొయ్యను కొఱుకును, గాలి మ్రింగును, గిట్టలతో నేలను త్రవ్వును. చూచువారు దానిని పొగరనుకొందురు. అది పొగరు కాదు, ఆకలి.

మఱియొక చిత్రమైన విషయము. గుఱ్ఱము వాంతి చేసికొనలేదు. లోనికి పోయినది బయటికి రావలెనన్న దారి ఒక్కటియే. కుళ్ళిన మేత తినినను, ఒక్కసారిగా దాణా ఎక్కువైనను, నీరు చాలకున్నను దానికి కడుపుశూల వచ్చును. అది మాటిమాటికి తన డొక్కవంక చూచుకొనును, పండుకొనును, లేచును, మరల పండుకొని పొర్లును, మేత ముట్టదు, పేడ వేయదు. ఈ గుర్తులను సాయంకాలమే కనిపెట్టి వైద్యుని పిలిచిన కాపరి గుఱ్ఱమును దక్కించుకొనవచ్చును. ‘తెల్లవాఱనిమ్ము, చూతము’ అనుకొనినచో తెల్లవాఱునప్పటికి చూచుటకు గుఱ్ఱము మిగులకపోవచ్చును. ప్రొద్దున, సందెవేళ, పండుకొనబోవు ముందు ప్రతి గుఱ్ఱమును ఒక్కసారి నిలిచి చూచుట కాపరికి జీతముకంటె ముఖ్యమైన నియమము. పేడను చూచియే లోపలి స్థితిని చెప్పగలవాడు మంచి కాపరి.

బోధను ప్రాంతపు తీపికి కూడ ఇచ్చట సంబంధము కలదు. మంజీరపై నిజాంసాగరము 1923లో ఆరంభమై 1931లో పూర్తియయ్యెను. ఆ నీటి యండతో చెఱకు సాగు పెరిగినది. 1937లో బోధనులో నిజాము చక్కెర కర్మాగారము వెలసినది. అది 2015 డిసెంబరులో మూతపడినను, చెఱకు సీమయను పేరు ఆ ప్రాంతమునకు నిలిచియున్నది. చెఱకు కొనాకును పశువులు ప్రీతితో తినును. బెల్లపు మడ్డిని దాణాలో కలిపినచో గుఱ్ఱము గిన్నె నాకివేయును. కాని తీపి గుఱ్ఱమునకు ముద్దు చేయు మేనమామ వంటిది. కొంచెమైన మేలు, మితిమీరిన చేటు. చక్కెర పాలు హెచ్చైన మేతవలన, లేక దాణా మోతాదు మించుటవలన డెక్కలలోపల వాపు పుట్టును. అప్పుడు గుఱ్ఱము ముంగాళ్ళపై బరువు మోపలేక, వెనుకకు వ్రాలి నిలుచును. ఆ వ్యాధి ముదిరిన గుఱ్ఱము మరల స్వారికి పనికిరాదు. తొలకరి గడ్డి విషయమునను ఇట్టి జాగ్రత్తయే వలయును. వేసవియంతయు ఎండుగడ్డి తినిన గుఱ్ఱమును లేతపచ్చికలోనికి ఒక్కపెట్టున విడువరాదు. మొదటి దినమున ఒక గంట, మఱునాడు మఱికొంతసేపు, ఇట్లు రెండు మూడు వారములలో అలవాటు చేయవలయును.

మన సీమలో పచ్చిక ఏడాది పొడుగున నుండదు. ఆషాఢమున మొలచి, శ్రావణ భాద్రపదములలో ఏపుగా నెదిగి, దీపావళి నాటికి పండబాఱును. ఒక చక్కని పొందిక గమనింపదగినది: ఆషాఢమున పెండ్లి ముహూర్తములుండవు. ఊరేగింపు గుఱ్ఱమునకు పని లేని మాసముననే నేలపై గడ్డి లేచును. ఆ దినములలో దానిని బయలునకు పంపిన యజమానికి దాణా ఖర్చు తగ్గును, గుఱ్ఱమునకు ప్రాణము లేచివచ్చును. అయితే కాపరి ఆ పచ్చదనమును చూచి మురిసియుండరాదు. గడ్డి గింజపట్టు దశలో కోసి, ఎండించి, తడి తగులకుండ వామి వేయవలయును. మార్గశిరము మొదలు జ్యేష్ఠము వఱకు ఆ వామియే పచ్చిక. వామి చూచుకొని గుఱ్ఱములను చేర్చుకొనువాడు వివేకి. గుఱ్ఱములను చేర్చుకొని వామికై వెదకువాడు అప్పులపాలగును.

బయలును చక్కగా నుంచుటయు ఒక పనియే. గుఱ్ఱము తాను పేడ వేసిన చోట మేయదు. అందుచేత బయలులో కొంతభాగము నున్నగా గొఱిగినట్లును, కొంతభాగము గుబురుగను మాఱును. పేడలోని పురుగు గ్రుడ్లు పిల్లలై గడ్డిపైకి ప్రాకి, మేతతోపాటు మరల గుఱ్ఱపు కడుపులో చేరును. దీనికి మంచి ఉపాయము బయలును మూడు నాలుగు మడులుగా విభజించి, ఒకదాని తరువాత నొకటి మేపుట. గుఱ్ఱములు విడిచిన మడిలోనికి గొఱ్ఱెలను తోలిన మఱియును మేలు. గుఱ్ఱములకు హానిచేయు పురుగులలో పెక్కు గొఱ్ఱె కడుపులో బ్రతుకజాలవు. గొఱ్ఱెల మందను పొలమున నిలిపి ఎరువు పొందుట మన రైతులకు చిరకాలముగా తెలిసిన పని. ఆ నేర్పే ఇక్కడను అక్కఱకు వచ్చును. గట్లపై గన్నేరు లేకుండ చూడవలయును. దాని ఆకులు కొలదిగ తినినను గుఱ్ఱము చచ్చును. ఆముదపు గింజలును అట్టివే. వానకాలమున జోరీగలు కుట్టుటవలన ‘సర్రా’ యను జ్వరము సోకును. కడుపుక్రిందను, కాళ్ళకును నీరు దిగిన వెంటనే పశువైద్యునికి చూపవలయును.

క్రొత్తగా వచ్చిన గుఱ్ఱమును తిన్నగా మందలో కలుపరాదు. గుఱ్ఱములలో పెద్దఱికము కలదు. ముందెవరు నీరు త్రాగవలయునో, ఎవరు తొలగి నిలువవలయునో వాని కట్టుబాటు వానికున్నది. క్రొత్తదానిని కొన్ని దినములు కంచెకావల విడిగా నుంచినచో, వ్యాధి యేమైన నున్న బయటపడును. ఇరువైపుల చూపులును వాసనలును పరిచయమగును. పిదప కలిపిన తన్నులాట తక్కువ. డెక్క మన గోరువలె ఎదుగుచుండును. ఆఱు మొదలు ఎనిమిది వారములకొకసారి దానిని చెక్కింపవలయును. లాడము కట్టినదైన విప్పి, చెక్కి, మరల కట్టవలయును. ఒక లాడము ఊడినను ఆ దినమున గుఱ్ఱమును బాటమీదికి దీయరాదు.

కొండదారుల స్వారి వినుటకు వేడుకగా నుండును. అందును ధర్మము కలదు. ఎక్కువాడును జీనును కలిసి గుఱ్ఱము బరువులో అయిదవ వంతు మించరాదని ఒక నియమము. మూడువందల కిలోల తట్టువపై అఱువది కిలోలకంటె హెచ్చు మోపరాదన్నమాట. మొదటి మైలును చివరి మైలును నడకతోనే పోవలయును. గుఱ్ఱమునకును గుఱ్ఱమునకును నడుమ ఒక గుఱ్ఱపు పొడవు ఎడముండవలయును. ఎక్కునప్పుడు రౌతు ముందునకు వంగి, దాని నడుమునకు భారము తగ్గింపవలయును. దిగునప్పుడు తొందరపెట్టరాదు. చెమటతో వచ్చినదానికి జీను పట్టెడ వదులుచేసి, కొంతసేపు నడిపించి, ఊపిరి కుదురుకొనిన పిదపనే దాణా పెట్టవలయును. ఇందల్వాయి గుట్టలవంటి రక్షిత వనములలో అటవీశాఖ అనుమతి లేక ఎవరును స్వారి సాగింపరాదు. అడవి మృగములకును ఆ దారియందు హక్కు కలదు.

మేత యను మాట సామాన్యముగా వినబడును. కాని దానికొఱకు మన దేశమున ప్రాణములు పోయినవి. అడవిలో పశువులను మేపినందుకు చెల్లింపవలసిన పన్నుకు పుల్లరి యని పేరు. ఆ పుల్లరికి ఎదురు నిలిచి 1922లో పల్నాటి సీమలో కన్నెగంటి హనుమంతు నేలకొరిగెను. ఆదిలాబాదు అడవులలో మేతపన్నులతోడి బాధలను ఎదిరించి, నీరు, అడవి, భూమి తమవని పోరాడిన కొమురం భీము 1940లో జోడెఘాటు వద్ద అమరుడయ్యెను. కంచలు, బంచరాయి భూములు ఊరి పశువులకు ఉమ్మడి తల్లులు. నేడు పెక్కుచోట్ల అవి ఇండ్ల స్థలములుగను, కర్మాగారములుగను మాఱుచున్నవి. గడ్డినేలను ‘వట్టి బీడు’ అని పిలుచువారు దానిపై ఎన్ని నోళ్ళు ఆధారపడియున్నవో లెక్కించుట లేదు. గుఱ్ఱముల బయలును ఏర్పాటు చేయువాడును ఊరి ఆవుల మేతను ఆక్రమింపక, తన సొంత నేలలో, లేదా న్యాయముగా కౌలు పుచ్చుకొనిన నేలలో ఆ పని చేయవలయును.

అన్నింటికంటె కఠినమైనది నమ్మకము. గుఱ్ఱము మాటలాడదు. తనకు ఒక పూట దాణా తగ్గినదని, తన్ను చెప్పకయే అద్దెకు త్రిప్పిరని యజమానితో మొఱపెట్టుకొనలేదు. ఈ చిక్కు పూర్వులకును తెలియును. విజయనగర కాలమున రాజు ఏటేట పదుమూడువేల గుఱ్ఱములను కొని, మేలైనవి తాను ఉంచుకొని, తక్కినవి నాయకులకు ఇచ్చుచుండెనని నూనిజ్ అను పోర్చుగీసు వర్తకుడు వ్రాసెను. ఆ గుఱ్ఱములకు రాజముద్ర కాల్చి వేయుదురు. గుఱ్ఱము చచ్చినచో ఆ ముద్ర గల చర్మపు ముక్కను అశ్వాధ్యక్షునికి చూపినగాని మఱియొకటి దొరకదు. చచ్చినదని చెప్పి అమ్ముకొనుటకు వీలులేకుండ చేసిన కట్టడి యది. నేటి కాపరికిని యజమానికిని నడుమ వ్రాతపూర్వకమైన ఒడంబడిక ఉండుట మేలు. మేత ఎంత, దాణా ఎంత, లాడముల ఖర్చు ఎవరిది, జబ్బు చేసిన ఎవరి యనుమతితో వైద్యుని పిలువవలయును, పరులు దానినెక్కవచ్చునా, కూడదా, ఇవన్నియు ముందే తేల్చుకొనవలయును. ముందు మాట కలిపినవారికి వెనుక మాట పట్టింపు రాదు.

యజమానికిని బాధ్యత కలదు. నెలసొమ్ము పంపి, గుఱ్ఱమును మఱచిపోవువాడు సగము యజమాని. కాపరి జీతము సకాలమున అందవలయును. అతనికి చలి, వాన తగులని గూడు ఉండవలయును. ఆకలితోనున్న కాపరి గుఱ్ఱమునకు పెట్టవలసిన ఉలవల వంక చూచిన, ఆ తప్పు అతనిది మాత్రమే కాదు.

తుదకొక ప్రశ్న మిగులును. గుఱ్ఱము ఇరువదియైదు ముప్పది యేండ్లు బ్రతుకును. పందెపు గుఱ్ఱమునకు పరుగు కొలది యేండ్లే. స్వారి గుఱ్ఱము పదునెనిమిది ఇరువది యేండ్లు వచ్చువఱకు పనిచేయగలదు. ఆ పిమ్మట దాని పండ్లు అఱిగిపోవును, గడ్డి నమలలేదు, నానబెట్టిన మేత కావలెను. అది సంపాదింపదు. అప్పుడు దాని గడ్డికి ఎవరు సొమ్ము చెల్లింతురు? మోసినంతకాలము నా గుఱ్ఱమని, మోయలేనినాడు ఎవరిదో యని వదలివేయుట పెక్కుచోట్ల జరుగుచున్నది. మంచి బయలును గుర్తింపవలెనన్న అందలి పరుగెత్తు గుఱ్ఱములను చూడనక్కఱలేదు. ఒక మూల చెట్టునీడన నిలిచియున్న ముసలి గుఱ్ఱమును చూడుడు. దాని డొక్క నిండియున్నదా? డెక్కలు చెక్కియున్నవా? నీళ్ళతొట్టి దానికి అందునంత దగ్గఱనున్నదా? ఈ మూడింటికిని అవునన్న సమాధానము దొరకిన చోట, మీరు మీ గుఱ్ఱమును నిశ్చింతగా అప్పగింపవచ్చును.